లింకు బావ బోణీ

“పదకొండింటికి మీ పాత షాపు ఓనరు ఫోన్ చేస్తాడు. మళ్ళీ పనిలోకి వస్తానని చెప్పండి. అంతే. ఇంక నేనేం వినను” అంది భార్య, గిన్నె మీద మూత దబ్బున పెట్టి.

“వినకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా?”

“మూడు నెలలుగా వింటూనే ఉన్నా. ఎంతమంది కొన్నారు?”

జవాబు సున్నా. ఎంత గుండ్రంగా చెప్పినా సున్నా సున్నాయే కదా!

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని మానేసి అఫిలియేట్ మార్కెటింగ్‌లో దిగాడు మహానుభావుడు. కంపెనీ సరుకుల లింకులు నలుగురికీ పంపాలి. వాళ్ళు ఆ లింకు నొక్కి కొంటే ఇతనికి కమీషన్. చుట్టాలు కొనలేదు గానీ ‘లింకు బావ’ అని పేరు మాత్రం పెట్టారు. పెద్దత్తకి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి, కింద కుక్కరు లింకు పెట్టాడు. ఆవిడ ఫోన్ చేసి మరీ కడిగిపారేసింది. బావమరిది చెప్పాపెట్టకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. చివరికి లింకులు అందుకునే దిక్కు భార్యే అయింది. రోజుకి పది.

“ఇవాళ మీరు కాదంటే ఆ కుర్చీలో రేపు ఇంకొకడు కూర్చుంటాడు. ఆ తర్వాత కాళ్ళావేళ్ళా పడ్డా రానివ్వరు. నా కుట్టుమిషన్ మీద ఈ సంసారం ఎన్నాళ్ళు లాగమంటారు?” అనేసి ఆమె ముందుగదిలోకి వెళ్ళిపోయింది. క్షణంలో మిషన్ టకటకలాడటం మొదలైంది.

అతనికి ఒళ్ళు మండింది. లోకమంతా ఫోన్లోనే బతుకుతుంటే, తన ఇంట్లోవాళ్ళకి మాత్రం అద్దాలు అరగదీస్తేనే ఉద్యోగం! ఎలా చెబితే ఈ మనిషి తలకెక్కుతుందో తెలియక వంటింట్లో పది నిమిషాలు పచార్లు చేశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ టింగుమంది.

‘మీ లింకు ద్వారా ఒక అమ్మకం నమోదైంది.’

కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు. అమ్మకమే! సరుకు కొన్నవాళ్ళ ఇంటికి చేరాక గానీ కంపెనీ ఈ మాట చెప్పదు. అంటే ఇక ఢోకా లేదు. ఏం కొన్నారో చూసే ఓపిక కూడా లేక ముందుగదిలోకి పరుగెత్తాడు.

“బోణీ అయింది! అయిపోయిందే బోణీ!”

దిండు గలీబు కుడుతున్న భార్య తలెత్తి చూసింది. నవ్వింది. తలూపింది.

మూడు నెలల తర్వాత నవ్వు! అతనికి ఏనుగంత బలం వచ్చింది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“చూడు, నష్టాలు లేవని నేననను. చుట్టాలు మొహం చాటేస్తారు. వస్తువు బాగా లేకపోతే తిట్లు మనకి, డబ్బులు కంపెనీకి. వాడు ఉన్నట్టుండి కమీషన్ తగ్గించినా అడిగే నాథుడు లేడు. నెలంతా గొంతు చించుకున్నా ఒక్కడూ కొనకపోవచ్చు. ఒప్పుకుంటున్నా.”

ఆమె తలూపింది.

“మరి లాభాలు? పెట్టుబడి పైసా అక్కర్లేదు. సరుకు దాచక్కర్లేదు, మోయక్కర్లేదు. పొద్దున్నే లేచి ఎవడికీ దండం పెట్టక్కర్లేదు. అసలు కిటుకు ఇంకోటుంది. ఒక్కసారి మన లింకు నొక్కారనుకో, ఆ రోజంతా వాళ్ళు ఏం కొన్నా కమీషన్ మనకే! కుక్కరు చూద్దామని వచ్చి చెప్పులు కొన్నా సరే!”

ఆమె మళ్ళీ తలూపింది. ఈసారి ఇంకాస్త ఓపిగ్గా.

ఇన్నాళ్ళూ ఒక్క మాటకి పది మాటలు అప్పజెప్పిన మనిషి, ఇవాళ ఎదురుచెప్పకుండా కూర్చుంది. ‘చేసి చూపిస్తే తప్ప నమ్మరు’ అనుకున్నాడు కాస్త గర్వంగా, కాస్త కచ్చగా.

ఫోన్ మోగింది. ఓనరు.

“ఏమయ్యా, వస్తావా రావా? ఇంకొకతను వచ్చి నా ఎదురుగానే కూర్చున్నాడు. ఇప్పుడే తేల్చు.”

అతను ఫోన్ తెర భార్యకి చూపించాడు. ఓనరు పేరు చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

“చెప్పేయనా?” అన్నాడు.

ఆమె రెండుసార్లు గట్టిగా తలూపి, కానివ్వమన్నట్టు చెయ్యి కూడా ఊపింది.

“సార్, నేను రాను. ఇవాళే కాదు, ఎప్పటికీ రాను. ఆ కుర్చీలో మీకు నచ్చినవాణ్ణి కూర్చోబెట్టుకోండి!”

“నీ ఖర్మ” అని ఓనరు ఫోన్ పెట్టేశాడు.

గుండెల మీంచి బండ దిగినట్టయింది అతనికి. కాలు మీద కాలు వేసుకుని, తీరిగ్గా కంపెనీ రిపోర్టు తెరిచాడు. కొన్నవాళ్ళ పేరు అందులో ఉండదు. కొన్న వస్తువు మాత్రం ఉంటుంది.

‘చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిరడాలు. ఎంత గోలైనా వినిపించదు. ఒక డబ్బా.’

అతనికి నవ్వాగలేదు. “పాపం, ఎవరి వాగుడు భరించలేక కొన్నారో!”

మిషన్ ఆగింది. భార్య దారం పుటుక్కున తెంపి, జుట్టు వెనక్కి తోసుకుంది. రెండు చెవుల్లోంచి పచ్చటి స్పాంజి ముక్కలు రెండు బయటికి లాగి, ఆత్రంగా అతని వైపు తిరిగింది.

“ఏమండీ, ఎప్పట్నుంచి రమ్మన్నాడు ఓనరు?”