మొదట ఏమంటారు?

"నావల్ల కాదు రౌఫ్ గారూ. ఇంకెవరినైనా చూడండి," అన్నాడు మొక్దాద్, ఫోన్‌లో గొంతు బాగా తగ్గించి.

"ఇంకెవరున్నారయ్యా? సముద్రంలో మునిగిపోయిన జాలర్ల ఇళ్లకు ఇన్నేళ్లుగా కబురు మోస్తున్నది నువ్వే కదా! గవర్నర్ గారు కూడా నీ పేరే చెప్పారు. టీవీ వాళ్లు పేర్లు చదవడం మొదలుపెట్టకముందే ఆ అమ్మాయికి చెప్పెయ్." రౌఫ్ ఫోన్ పెట్టేశాడు. గవర్నర్ కార్యాలయంలో వాళ్లకు చెప్పడం వరకే పని, చేయడం కిందివాళ్లది.

ట్యునీషియా తీరంలో ఆ రేవు పట్టణపు మునిసిపాలిటీలో జనన మరణాల విభాగానికి మొక్దాద్ పెద్ద. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న ఇంతిసార్ లిబియా పిల్ల. అక్కడి రాష్ట్రమూ ఇక్కడి రాష్ట్రమూ సోదర రాష్ట్రాలమని సంతకాలు చేసి, ఒకరి పని ఒకరు నేర్చుకోవాలని ఉద్యోగులను మార్చుకున్నాయి. జెండాలు, ఉపన్యాసాలు, విందులు అన్నీ అయిపోయాక ఆ సోదరత్వంలో మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. నిన్న రాత్రి ఆమె ఊళ్లో వాగు విరుచుకుపడి ఒక వాడ వాడంతా సముద్రంలో కలిసిపోయింది. ఆ వాడలోనే ఆమె అన్న మిఫ్తాహ్ ఇల్లు. ఆ ఇంటివాళ్ల శవాలు దొరికాయని అక్కడి కార్యాలయం పొద్దున్నే ఇక్కడి కార్యాలయానికి కబురు పెట్టింది.

అప్పటినుంచీ ఆఫీసులో అందరూ ఏమీ తెలియనట్టు నటిస్తున్నారు. పక్క బల్ల ఫౌజియా రేడియో కట్టేసి, "బ్యాటరీ అయిపోయింది," అంది. ఆ రేడియో తీగ గోడ ప్లగ్గులోనే ఉంది. ఇంతిసార్ దాని వంక చూసింది.

"బాబాయ్, ఇవాళ నాకు ఒకటి నేర్పాలి," అంది మొక్దాద్‌తో.

"ఏంటమ్మా?"

"జాలర్లు పోయినప్పుడు ఇంటికి వెళ్లి చెప్తారు కదా మీరు. మా దగ్గర అలా లేదు. ఫోన్ చేసి చేతులు దులుపుకుంటారు. మీరెలా చెప్తారు?"

మొక్దాద్ గబగబా ఒక రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. "ఇవాళే ఎందుకమ్మా అది? పెళ్లిళ్ల నమోదు చూద్దాం."

"పెళ్లిళ్లు పోయిన వారమే నేర్పేశారుగా!"

తప్పించుకునే దారి లేదు. దేశం కాని దేశం వచ్చి, నేర్పమని అడుగుతోంటే కాదనడం ఎలా? "వాకిట్లో నిలబడి చెప్పకూడదు. లోపలికెళ్లి వాళ్లను కూర్చోబెట్టాలి, మనమూ కూర్చోవాలి. మంచినీళ్లు అడగకూడదు. ఆ తల్లి నీళ్లకని లోపలికెళ్లి వచ్చేలోగా మన ధైర్యం కాస్తా జారిపోతుంది."

"మొదట ఏమంటారు?"

"పేరు. పోయినవాడి పేరు. ఆ వెంటనే 'పోయాడు' అనాలి. 'కనిపించట్లేదు' అంటే ఆశ పెట్టుకుంటారు. ఆశ పెట్టి లాక్కోవడం పాపం."

"పోయినేడు పడవ బోల్తాపడి ఒకే ఇంట్లో ముగ్గురు పోయారట కదా? అప్పుడెవరి పేరు ముందు చెప్పారు?"

"పెద్దవాడిది. చిన్నపిల్లాడి పేరు ఆఖర్న. అది విన్నాక వాళ్లకు ఇంక మరే మాటా చెవికెక్కదు." అంటూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ తనే మాట మార్చాడు. "అవునూ, హాజ్జా ఇవాళ బజీన్ పంపలేదా?"

కూతురు పరాయి దేశంలో ఒంటరిగా ఉండకూడదని వెంట వచ్చిన తల్లి హాజ్జా మబ్రూకా. బజీన్ అంటే బార్లీ ముద్దా మాంసం పులుసూ, ఆఫీసంతటికీ సరిపోయేలా పంపుతుంది. మొక్దాద్ కనిపిస్తే చాలు, "మీ హరీసా కారం నిన్ను ఎండబెట్టేసింది నాయనా, మా ముద్ద తిని మనిషివి అవ్వు," అని ఆటపట్టిస్తుంది.

"ఇవాళ వండలేదు," అంది ఇంతిసార్.

మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినబడింది. ఇక లాభం లేదనుకుని మొక్దాద్ లేచాడు. ఫౌజియాను బయటికి పంపి తలుపు వేశాడు. కుర్చీ లాక్కుని ఇంతిసార్ ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నో గడపలు తొక్కిన మనిషే, అయినా తన బల్ల దగ్గర పని నేర్చుకున్న పిల్లకు ఈ మాట చెప్పాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

"మిఫ్తాహ్," అన్నాడు. "మిఫ్తాహ్ పోయాడు తల్లీ. రాత్రి వాగు వచ్చింది."

ఆమె అతని నోటివంకే చూస్తోంది.

"మీ వదిన నజ్లా పోయింది. పెద్ద పిల్లాడు అయ్మన్ పోయాడు." ఇక మిగిలింది ఒక్క పేరు. "తస్నీం... చిన్నది తస్నీం కూడా పోయింది."

అంతవరకే చెప్పగలిగాడు. ఎవరి గడపలోనూ ఏడవని మొక్దాద్, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. కాసేపటికి తలెత్తి చూస్తే ఇంతిసార్ పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాడు. కాదు, తను చెప్పిన వరసలోనే ఆ నాలుగు పేర్లనూ వల్లె వేసుకుంటోంది. కన్నీళ్లు చుబుకం మీదుగా జారుతున్నా తుడుచుకోవడం లేదు.

"ఇంకొక్కసారి చెప్పండి బాబాయ్. నెమ్మదిగా."

"అంత కఠినమైన మాట మళ్లీ ఎందుకమ్మా?"

"మా ఊరివాళ్లు ఫోన్ చేస్తే నాకు తెల్లవారకముందే తెలిసింది బాబాయ్. అమ్మ పొద్దున్నుంచీ ఫోన్ ఒళ్లో పెట్టుకుని అన్నయ్య పిలుపు కోసం కూర్చుంది. ఆమెకు ఎలా చెప్పాలో నేర్చుకుందామనే ఇవాళ ఆఫీసుకొచ్చాను."