మిరియం చెప్పిన అబద్ధం

సుభద్రమ్మ పెరట్లో మిరియం అనే నల్లపిల్లి, ఓ ముసలి బాతు చాన్నాళ్లుగా కలిసి బతుకుతున్నాయి. ఒకనాడు ఆవిడ, ఎవరో గొలుసుతో కట్టేసి వదిలిపోయిన కుక్కను విడిపించి ఇంటికి తెచ్చుకుంది. దాని మెడచుట్టూ చర్మం కమిలిపోయి ఉంది. అది కట్టెల మోపు వెనక దూరి ఇవతలికి రాలేదు. సుభద్రమ్మ రోజంతా అక్కడే కూర్చుని బుజ్జగించేది. మిరియాన్ని పలకరించే తీరికే లేకపోయింది. దానికి కడుపు మండింది.

పదోరోజున కుక్క మెల్లగా తల బయటపెట్టింది.

"అక్కా, ఈవిడ కొట్టదు కదా?"

"ఇప్పుడే ఎందుకు కొడుతుంది? ముందు మచ్చిక చేసుకుంటుంది. ఆనక మెడకు కట్టడానికి ఏదో ఒకటి తెస్తుంది," అంది మిరియం.

"ఎందుకే దానికి లేనిపోని భయం?" అని బాతు మందలించింది. మిరియం వినలేదు.

మర్నాడు సుభద్రమ్మ ముచ్చటపడి, కుక్క మెడకు మెత్తటి ఎర్రపట్టీ కొనుక్కొచ్చింది. అది చూడగానే కుక్క వణికిపోయి, ఒక్క ఉదుటున కంచె దూకింది.

"ఆగవే, నేను అబద్ధం చెప్పాను," అంటూ మిరియం వీధి చివరిదాకా పరుగెత్తింది. కుక్క వెనుదిరిగి చూడలేదు.

మూడు రోజులు వెతికి వెతికి సుభద్రమ్మ అరుగు మీద కూలబడింది. "నాలో ఏం చూసి అంత బెదిరిందో," అని కళ్లు తుడుచుకుంది.

"నీ తప్పేం లేదమ్మా, నావల్లే పోయింది," అంది మిరియం.

ఆవిడకు మ్యావుమని మాత్రమే వినిపించింది. "ఆకలేస్తోందా తల్లీ," అంటూ దాన్ని గుండెకు హత్తుకుంది.