అత్తగారి మోకాళ్లు, అల్లుడి గాలిపటం

"చింగ్‌మింగ్ పండగనాడు తెగిన గాలిపటమా? తీసెయ్, తీసెయ్! నా మిషను మీద పెట్టకు!" అంటూ టైలర్ కుయాంగ్ అక్క వెనక్కి గెంతింది.

లువాన్ హైపెంగ్ ఆ గుడ్డమూటను గుండెలకు హత్తుకున్నాడు. మూడు చక్రాల బండినీ, అందులో కూర్చున్న మనిషినీ ఇసుక మీద ఈడ్చుకుపోయే పవర్ కైట్ అది. ఇప్పుడు నడిమధ్యన నిలువునా చిరిగి ఉంది. చూస్తే ఆదివారమే పోటీ. అది లేకపోతే అతను ఒడ్డున కూర్చుని చప్పట్లు కొట్టుకోవాల్సిందే.

"తెగలేదక్కా, పారిపోయింది! చేత్తో పట్టుకునే కడ్డీ జారిపోకుండా కట్టే మణికట్టు పట్టీ తగిలించుకోవడం మరిచా. ఒక్క విసురుకి కడ్డీతో సహా లేచి, రోడ్డు దాటి, ఎవరిదో టమాటా షెడ్డు మీద పడింది. ఆ షెడ్డాయన ముట్టుకుంటే ఒట్టు. వెదురు కర్రలతో ఎత్తి రోడ్డు మీద పడేశాడు."

"పడెయ్యడూ మరి! ఆ రోజు జనం తమ రోగాలన్నీ గాలిపటానికి అప్పగించి దారం కోస్తారు. ఎత్తుకున్నవాడికి అవి అంటుకుంటాయి. దీంట్లో ఎవరి రోగం ఉంది? నిజం చెప్పు."

హైపెంగ్ గొంతు తగ్గించాడు. "మా అత్తగారి మోకాళ్ల నొప్పులు."

"ఇప్పుడేగా పారిపోయిందన్నావ్!"

"ఇంట్లో ఏమని చెప్పను? పట్టీ కూడా పెట్టుకోలేవా అని మా ఆవిడ కడిగేస్తుంది. అందుకని, మీ అమ్మ మోకాళ్ల కోసం నేనే వదిలేశానన్నా. అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాటి నుంచీ నొప్పుల్లేవు! వీధి చివర విసనకర్రలు పట్టుకుని డ్యాన్సు చేస్తోందక్కా!"

కుయాంగ్ అక్క పడీ పడీ నవ్వింది. "అయితే ఇది ఆవిడ కంటపడితే?"

"ముందు ఆవిడ మోకాళ్లు పట్టేస్తాయి. తర్వాత ఆవిడ నా పీక పట్టుకుంటుంది."

రోగం అంటకుండా మణికట్టుకి ఎర్ర దారం కట్టుకున్నాక గానీ ఆమె మూట విప్పలేదు. పైన ఓ ముక్క అతికిస్తే చాలన్న హైపెంగ్‌ను నోరు మూసుకోమంది. గాలి నిండే అరల గోడలు లోపల కూడా చిరిగాయి. పాత కుట్లు విప్పి, లోపలి నుంచి ఒక్కొక్కటీ కుట్టుకుంటూ వచ్చింది.

శనివారం హైపెంగ్ ఊరికి దూరంగా సముద్రం ఒడ్డుకి వెళ్లాడు. పట్టీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. గాలిపటం బుస్సున పొంగి, లేచి, నడినెత్తిన నిలబడింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"అల్లుడూ!"

వెనక అత్తగారు! చేతిలో బుట్ట, బుట్టనిండా గట్టుమీద కోసిన ఆకుకూర. నొప్పులు పోయాక ఆవిడ ఇంట్లో ఉంటేగా!

"అది... ఆ రోజు వదిలిందే కదూ?" ఆవిడ ముఖం పాలిపోయింది. ఓ చెయ్యి అప్పుడే మోకాలి మీదికి పోయింది.

"అయ్యయ్యో, కాదత్తయ్యా! ఇది కొత్తది! మీ మీద ఒట్టు!"

"నిజంగా కొత్తదేనా?"

"సరికొత్తది! ఒక్క రోగం కూడా ఎక్కలేదు!"

అత్తగారి ముఖం వెలిగిపోయింది.

"నా బంగారు అల్లుడే! నోరు తెరిచి అడగలేక ఊరుకున్నా గానీ, ఈ నడుంనొప్పితో చచ్చిపోతున్నాననుకో. పండగ దాటితే మాత్రం ఏంలే!" అంటూ బుట్టలోంచి కత్తెర తీసి, కడ్డీ పైన నాలుగు తాళ్లూ కచకచా కోసేసింది.