మోత తక్కువ దారి

మార్చి 9. బట్టలు ఉతికాను, ప్రయాణానికి ఆపిల్ ముక్కలు ఎండబెట్టాను, తెడ్లకు వార్నిష్ పూశాను.

మా ఆయన లోర్న్ టెమగామి సరస్సుల మ్యాపు పరిచి, వేసవి పడవ ప్రయాణానికి కష్టమైన దారే ఎంచుకున్నాడు. అందులో సరస్సుకూ సరస్సుకూ మధ్య పడవను భుజాన మోయాలి. బరువులెత్తితే నడుం పడిపోతుందని డాక్టరు తనకు చెబితే, "ముందు ఆ డాక్టర్ని తన నడుం చూసుకోమను" అంటాడు.

"నా మోకాలు పట్టేసింది. మోత తక్కువున్న దారిలో పోదామా?" అన్నాను.

"అప్పుడే ముసలమ్మవైపోయావా, వెర్నా? పోనీలే, నీకోసం!" అంటూ గబగబా మ్యాపు మడిచాడు.

మా మొదటి ప్రయాణంలో నేను అలసిపోయి ఏడుస్తుంటే, తన చీలమండ బెణికిందని చెప్పి రెండు రోజులు గుడారంలోనే ఉండిపోయాడు. మూడోనాడు ఎలుగుబంటి కనబడగానే నాకన్నా ముందు పరుగెత్తాడు.

ఆ బాకీ ఈరోజు తీరింది.