ముక్కుగారి మూడు సీసాలు

"మూత కూడా తియ్యక్కర్లేదు మేడమ్. సీసా పక్కనుంచి అలా నడిచి వెళ్తే చాలు. లోపలున్నది విస్కీయో బ్రాందీయో, దాన్ని పీపాలో పోసినవాడు ఆ పూట స్నానం చేశాడో లేదో కూడా చెప్పేస్తాను," అన్నాడతను, బల్ల మీద మోచేయి ఆనించి.

పళ్ల డాక్టరమ్మ గాలి ఎగబీల్చింది. "అది సరే గానీ, ఏదో మాడిపోతోంది. చూసుకోండి ముందు."

వెనకగదిలోకి పరిగెత్తాడు. స్టవ్ మీద పాలు ఎప్పుడో ఇగిరిపోయి, గిన్నె అడుగు బొగ్గయింది. మూరెడు దూరంలో షాపు ఓనరు, అతనికి ఈ విద్య నేర్పిన గురువుగారు, అటు వీపు పెట్టుకుని తాపీగా చీటీలు రాసుకుంటున్నారు.

అతను గబగబా స్టవ్ ఆర్పాడు. అంత దగ్గర కూర్చుని గురువుగారు నోరు మెదపలేదంటే అది కావాలనే. పరీక్ష! తనకు వాసన తెలుస్తోందో లేదో చూస్తున్నారు.

తెలియడం లేదు. మూడు నెలల కిందటి జలుబు పోతూ పోతూ లోకంలోని వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది. సబ్బూ పెట్రోలూ ఒకటే. విస్కీకీ వేణ్నీళ్లకీ తేడా గొంతులో మంట ఒక్కటే. ఈ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. ఏం వండినా "ఘుమఘుమలాడుతోంది" అంటున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు మనిషి దారిలో పడ్డాడని ఆవిడ మురిసిపోతోంది.

పదకొండేళ్లుగా ఆ మందు షాపులో అతని ఉద్యోగం వాసన చూడటమే. జీతం కవరు మీద తప్ప అతని పేరు ఎక్కడా లేదు, అందరికీ ముక్కుగారే. ఏడాది చివరి సెలవులొస్తే జనం బీరుకీ వైనుకీ బారులు తీరతారు. అతను వాసన చూసి నాలుగు మాటలు చెబుతాడు, గురువుగారు చీటీ మీద రాసి సీసా మెడకు కడతారు. 'తడిసిన చెక్క, తేనె, కొంచెం కోపం.' జనం సీసా చూడరు, చీటీ చదివి కొంటారు.

విద్యంతా గురువుగారు పెట్టిన భిక్షే. "కళ్లు మూసుకో. నాలుగు లెక్కపెట్టు. తెరిచాక ఏం చెప్పినా తడుముకోకుండా చెప్పు." మూడు నెలలుగా అతను లేబుళ్లు చదివి, పాత మాటల్నే తిప్పి తిప్పి చెబుతూ నెట్టుకొస్తున్నాడు.

"ఇలా రావయ్యా," గురువుగారు మూడు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఒక్కదానికీ లేబులు లేదు.

"మూడు పెట్టెలు వానలో నానిపోయాయి. లేబుళ్లన్నీ ఊడొచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే మూత. ఒక పెట్టె విస్కీ, ఒకటి రమ్ము, ఒకటి బ్రాందీ. డాక్టరమ్మగారికి బ్రాందీ కావాలిట. పెట్టెకొకటి తెచ్చాను, ఏది బ్రాందీయో తేల్చు."

వానట! ఎంత నున్నగా అల్లారు!

"పెద్దవారు, మీరుండగా నేనా గురువుగారూ..."

"ముందు నువ్వు." పదకొండేళ్లుగా ఇదే మాట.

"కాస్త తొందరగా తేల్చండి బాబూ," అంది డాక్టరమ్మ. "మా మావగారు సెలవులకి దిగుతున్నారు. బ్రాందీ తప్ప ముట్టుకోరు. పోయినేడు పొరపాటున రమ్ము పోశానని ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. అంటే, ప్రాణానికి హాయిగానే ఉందనుకోండి, కానీ మా ఆయన ఊరుకోడు."

అతను మూతలు తీసి మూడు గ్లాసుల్లో పోశాడు.

"మూత తియ్యక్కర్లేదన్నారుగా?"

"అది... మామూలు రోజుల్లో మేడమ్. ఇప్పుడు సీజను."

మూడూ టీ డికాషన్ రంగులోనే ఉన్నాయి. కళ్లు మూసుకున్నాడు. నాలుగు లెక్కపెట్టాల్సింది నలభై దాకా వెళ్లాడు. మెడ వెనక చెమట కారుతోంది. కళ్లు తెరిచి మధ్య గ్లాసు పట్టుకున్నాడు.

"ఇదే బ్రాందీ. ఎండుద్రాక్ష. పాత బీరువా. చివర్లో చిన్న పశ్చాత్తాపం."

డాక్టరమ్మ ఆ గ్లాసు అందుకుని వాసన చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇది రమ్ము కదండీ? మాడిన చక్కెర వాసన గుప్పుమంటోంది!"

అయిపోయింది. ముక్కు లేని ముక్కుగారిని ఎవరు పనిలో పెట్టుకుంటారు?

"పెద్దాయనా, మీరే చెప్పండి," గ్లాసు గురువుగారి ముందుకు జరిపింది డాక్టరమ్మ.

ఆయన కళ్లు మూసుకున్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తెరిచారు.

"మావాడు చెప్పిందే కరెక్టు. బ్రాందీయే. పాత బీరువా స్పష్టంగా తెలుస్తోంది."

డాక్టరమ్మ మళ్లీ వాసన చూసింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇద్దరూ అంత గట్టిగా చెబుతుంటే... నా ముక్కుకే ఏదో అయినట్టుంది. రేపే చూపించుకోవాలి," అని గొణుక్కుంటూ, మధ్య సీసా వచ్చిన పెట్టెలోంచి కొత్త సీసా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

తలుపు మూసుకుంది. అతను బల్ల చుట్టూ తిరిగి గురువుగారి దగ్గరికి వచ్చాడు. తన పరువు కోసం, ఇంత పెద్దమనిషి, బంగారం లాంటి కస్టమరుతో అబద్ధమాడారు!

"గురువుగారూ, క్షమించండి," అన్నాడు. "అది రమ్మే అయ్యుంటుంది. మీరు నన్ను కాపాడారు. నాకు వాసన తెలియట్లేదండీ. మూడు నెలలైంది. ఉద్యోగం పోతుందని దాచాను. పాలగిన్నె మాడినా తెలియలేదు."

గురువుగారు కలం కింద పెట్టారు. తలుపు వైపు ఒకసారి చూశారు. లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు.

"మూడు నెలలేనా?" అన్నారు గుసగుసగా.

"నాకు పుట్టినప్పట్నుంచీ లేదు."