చెట్లలా నడిచే మనుషులు

“అక్కడ ఒక్క అబద్ధం ఆడేస్తే సరిపోయేదిగా వాడికి?” అన్నాడు డ్రైవరు, కళ్లకున్న కట్టు సర్దుకుంటూ.

“ఎవరికి?”

“నీ కథలో గుడ్డివాడికి. కనిపిస్తోందా అని అడిగితే, బాగా కనిపిస్తోంది స్వామీ అని దండం పెట్టి ఇంటికి పోవచ్చుగా. సగమే వచ్చిందని చెప్పడం ఎందుకు?”

పెద్దమ్మ నవ్వింది. “అలా అడుగు. ఇప్పుడు కథలోకొచ్చావు.”

డ్రైవరుకి నవ్వు రాలేదు. ఇంకో అరగంటలో డాక్టరు వచ్చి, రెండో ఆపరేషన్ చేసిన కళ్లకి కట్టు విప్పుతాడు. ఈసారి కూడా చూపు సరిగ్గా లేకపోతే బస్సు నడపడానికి పనికొస్తావని సంతకం పెట్టనని ముందే తెగేసి చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు తప్ప మరో పని ఎరగని మనిషి. పొద్దున్నించి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ అవస్థ చూడలేకే ఆయా ఈ పెద్దమ్మని తీసుకొచ్చి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టింది. కట్లున్న వాళ్లకి చదివి వినిపించడానికి రోజూ వస్తుందట. ఆమె మంచం అంచున పుస్తకం పెడితే పరుపు కుంగింది.

“లోకంలో కథలన్నీ ఇందులోనే ఉన్నాయా ఏంటి?” అని అడిగాడప్పుడు.

“బైబిల్లో ఒక్క సువార్తే బాబూ. నా పుస్తకాలకి చోటు కాస్త ఎక్కువ కావాలి.”

ఇప్పుడామె మళ్లీ మొదటికొచ్చింది. “నిదానంగా విను. యేసు వాడి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించాడు. చూశావా, నా వెంట రమ్మనలేదు, చెయ్యి పట్టుకున్నాడు. తొందరపడి చదివేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు. కళ్ల మీద ఉమ్మి రాసి, చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. మనుషులు కనిపిస్తున్నారు గానీ, చెట్లు నడుస్తున్నట్టున్నారు అన్నాడు వాడు.”

డ్రైవరు మాట మార్చడానికి, “చెట్టు ఎలా ఉంటుందో గుడ్డివాడికేం తెలుసు?” అన్నాడు.

“అదీ ప్రశ్న. వాడు ఒకప్పుడు చూసినవాడే, మధ్యలో పోగొట్టుకున్నాడు. పుట్టుకతో చూపు లేనివాళ్లకి చెట్టంటే బెరడు, నీడ చల్లదనం, ఆకుల చప్పుడు. దూరాన్నించి అది మనిషిలా నిలబడుతుందని వాళ్లకి తోచదు.”

డ్రైవరు గొంతు తగ్గించాడు.

“పెద్దమ్మా, మొదటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు నన్నూ ఇదే అడిగాడు. మసగ్గా ఉందంటే డ్యూటీ ఇవ్వరు కదా. బ్రహ్మాండంగా ఉందన్నాను. పదోరోజు స్టాపు దగ్గర ఓ స్తంభం నడిచొచ్చి బస్సుకి అడ్డం పడింది. స్తంభం కాదు, మనిషి. బ్రేకు పడింది కాబట్టి బతికిపోయాం ఇద్దరం. మర్నాడే ఇక్కడికొచ్చి, కొత్తగా మసకేసిందని బొంకాను.”

“మరి ఇవాళ ఏం చెబుతావు?”

“ఏం కనిపించినా బాగుందనే చెబుతా. నా ఇల్లు గడవాలి.”

“బాబూ, ఆయన ఎంతోమందిని బాగుచేశాడు. చెయ్యి వేశాక కనిపిస్తోందా అని అడిగింది వీణ్నొక్కణ్నే. వీడు ఉన్నదున్నట్టు చెప్పాడు కాబట్టి రెండోసారి చెయ్యి వేశాడు. బాగుందనేస్తే మనుషుల్ని చెట్లనుకుంటూనే బతికేవాడు.”

“కళ్లున్నవాళ్లు ఎన్నయినా చెబుతారు,” అన్నాడు డ్రైవరు కసిగా. “ఈ చీకటి సంగతి నీకేం తెలుసు?”

పేజీ తిరిగిన చప్పుడైంది. అంతలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. “తెరలు మాత్రం తీయకండి, రోగుల కళ్లకి వెలుతురు పడకూడదు,” అని నర్సు గుమ్మంలోంచి కేకేసి వెళ్లింది. పెద్దమ్మ ఆపిన చోటునించి మళ్లీ చదవసాగింది. కాగితం మీద చెయ్యి రాసుకుపోతున్న మెత్తని చప్పుడు, దాని వెనకే ఆమె గొంతు. ఆమెని నొప్పించినందుకు డ్రైవరుకి మనసు చివుక్కుమంది గానీ, క్షమించమనేలోపే డాక్టరు చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది.

కట్టు ఊడింది. దూది తీశారు. డ్రైవరు రెప్పలెత్తాడు.

“ఏం కనిపిస్తోంది?”

తెల్లటి పొగ. పొగలో రెండు పొడుగాటి ఆకారాలు. ‘బాగుంది సార్’ అనే మాట నాలుక చివరికొచ్చి నిలబడింది. పక్కన కాగితం చప్పుడు ఆగిపోయింది.

“స్తంభాలు సార్,” అన్నాడు. “ఒకటి వంగి నన్నే చూస్తోంది. పోయినసారి కూడా ఇంతే. అప్పుడు మీకు అబద్ధం చెప్పాను.”

డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఆ కాసేపు డ్రైవరుకి ఉద్యోగం పోయినట్టే అనిపించింది.

“లోపల ఇంకో పొర కమ్మింది,” అన్నాడు డాక్టరు చివరికి. “లేజరుతో పావుగంట పని. బాగుందనేసి వెళ్లుంటే ఇంకో మనిషిని స్తంభమనుకునేవాడివి. పద.”

జనరేటరు అందుకుంది. పక్క గదిలో పని అయి, గంట గడిచాక, డ్రైవరు చుక్కల మందు సీసా ఎత్తి పట్టుకుని మందు పేరు, తయారైన తేదీ, దాని కింద చీమల్లా ఉన్న అక్షరాలు కూడా గడగడా చదివేశాడు. వారం చూసి సంతకం పెడతానన్నాడు డాక్టరు. డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ పెద్దమ్మ దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చాడు.

అతని అడుగుల చప్పుడు విని ఆమె తల ఎత్తకుండానే, “స్తంభాలు మనుషులయ్యాయా బాబూ?” అంది.

“అయ్యాయి పెద్దమ్మా. మిగతా కథ నేనే చదివి వినిపిస్తా, ఇటివ్వు,” అంటూ ఆమె ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకం మీదికి వంగాడు.

పేజీ నిండా ఆమె తడుముతున్న వేళ్ల కింద వరసలుగా లేచిన తెల్లని బొడిపెలే తప్ప, ఒక్క అక్షరం లేదు.