విమానం నూనె

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు నా మిర్చి బజ్జీల బండి, దాని పక్కనే దశరథ బజ్జీల బండి.

"పెట్రోలు కాదంట కాకా! సరుకు విమానాలు ఇగ నా పాత నూనెతోనే ఎగురుతయంట!" అని వాడు రోజూ గొప్పలు పోతుంటే, నా కడుపు మూకుట్లో నూనెలా మరిగిపోయేది.

ఈరోజు పాత నూనె కొనే వ్యాన్ రాగానే, నేనూ ఒక డబ్బా ఎత్తుకుని అడ్డంగా నిలబడ్డాను.

"వాంది రెండు దినాల నూనె సార్, పోస్తే పిచ్చుక గూడ ఎగురది! నాది పన్నెండు దినాల సంది కాగుతున్నది. చూడుండ్రి, తారు లెక్కున్నది! విమానం ఆగకుండ దుబాయ్ దాటుతది!"

వ్యాన్ ఆయన డబ్బా అందుకున్నాడు. నేను దశరథను చూస్తూ మీసం మెలేశాను.

నా బండి దగ్గర బజ్జీలు తింటున్నవాళ్లు నమలడం ఆపేశారు. చేతిలోని సగం బజ్జీని తిప్పి చూసుకుంటూ ఒకాయన అడిగాడు:

"అన్నా, ఇది ఎన్నో దినంది?"